గాజుపలక మీది రౌతు

దండుగట్టు అశ్వదళం పోలీసుల యూనిఫారానికి వీపు లేకుండా పోవడానికి మూలకారణం ఒక వాన. పాత కంటోన్మెంటు కచేరీ పైకప్పు ఆ వానకు కారింది. తడిసిన బీరువాను పక్కకు జరిపారు. బీరువా వెనక గోడకు ఆనించి ఒక గాజుపలక కనబడింది. ఆ పలక మీద విక్టోరియా రాణి కాలపు రౌతు ఒకడు తన గుర్రం పక్కన నిలబడి ఉన్నాడు. నూటయాభై ఏళ్లుగా అతడు ఆ చీకటిలో ఎవరికీ ఏ ఇబ్బందీ కలిగించలేదు.

అతని వేషం చూడముచ్చటగా ఉన్న మాట నిజమే. రొమ్ము నిండా అడ్డంగా జరీతాళ్లు కుట్టిన పొట్టి కోటు, తొడలకు అతుక్కుపోయిన లాగు, మోకాళ్ల దాకా బూట్లు, ఈకల టోపీ, గడ్డం కింద గొలుసు, నడుముకు వంపుకత్తి, కత్తి పక్కన వేలాడే తోలుసంచి. అంత బిగుతు దుస్తుల్లో యుద్ధం ఎలా చేశాడో చెప్పలేము గాని, ఫోటో మాత్రం దివ్యంగా తీయించుకున్నాడు.

అవి రాష్ట్రమంతటా వారసత్వపు గాలి బలంగా వీస్తున్న రోజులు. ఒక శాఖవారు జీపులు షెడ్డులో పెట్టి ఎడ్లబండ్ల మీద తనిఖీలకు బయలుదేరారు. మరొక శాఖవారు ఫ్యాన్లు విప్పించి, పంకాలు లాగే ఉద్యోగాలకు ప్రకటన ఇచ్చారు. అటువంటి సమయంలో దొరికిన రౌతును ఊరకే వదిలిపెట్టడం ఏ ప్రభుత్వానికీ సాధ్యం కాదు. పక్షం తిరగకముందే ‘అశ్వదళ ప్రాచీనవేష పునరుద్ధరణ మండలి’ ఏర్పడింది.

మండలికి అధ్యక్షులు డాక్టర్ విద్యాధరరావు. ఆయన గుర్రమెక్కిన దాఖలా లేదు గాని, గుర్రాల మీద సదస్సులు చాలా నిర్వహించారు. ఒక్కచోట కుదురుగా నిలబడలేకపోవడం ఆయన ఉత్సాహానికి గుర్తు. కూర్చుని ఆయన ముగించిన వాక్యం లేదని మండలిలో చెప్పుకునేవారు. సభ్యకార్యదర్శి శ్రీమతి హేమనళిని అందుకు పూర్తిగా భిన్నం. ఉత్తర్వులోని అక్షరం ఎక్కడ నిలబెడితే ఆమె అక్కడ నిలబడేది. సాయంత్రం ఐదుకు తలుపు మూయవలెనని ఉత్తర్వు వస్తే, లోపల మనుషులున్నారా అన్నది ఆమెకు సంబంధం లేని ప్రశ్న.

మండలి తన మొదటి సమావేశంలో రెండు తీర్మానాలు చేసింది.

మొదటిది: ఛాయాచిత్రంలో ఉన్నది ఉన్నది. ఛాయాచిత్రంలో లేనిది లేదు. ఊహకు ఎట్టి పరిస్థితులలోనూ తావులేదు.

రెండవది: పునరుద్ధరించిన వేషానికి ఒదగని గుర్రాలను అదనపు నిల్వగా భావించి సంతలో వేలం వేయవలెను.

దళానికి నాయకుడైన సబ్-ఇన్‌స్పెక్టర్ మద్దిలేటి మొదటి తీర్మానాన్ని సెల్యూట్ చేసి విన్నాడు. రెండవది వినగానే కిటికీలోంచి లాయం వైపు చూశాడు. అతని గుర్రం కావేరి తెల్లని ఆడగుర్రం. కళ్లెం ఎరుగని పిల్లగా వచ్చిన దాన్ని అతడే మలిచాడు. ఒక ఉరుసులో జనం తొక్కిసలాటగా మీద పడుతుంటే, పడిపోయిన ఒక ముసలమ్మకు అడ్డంగా ఆ గుర్రం గోడలా నిలబడి, ఒక్క అడుగు కదలలేదు. అంత ధైర్యం గల గుర్రానికి ఉన్న లోపం ఒక్కటే. కొత్తది ఏదీ దానికి గిట్టదు. నీళ్ల బక్కెట్టు మార్చితే ఒక పూటంతా నీళ్లు ముట్టదు.

"సార్," అన్నాడు మద్దిలేటి ఆ సమావేశంలోనే, గాజుపలకను దగ్గరగా చూసి. "ఈయప్ప కత్తి కుడిపక్క కట్టుకున్యాడు. కుడిపక్క ఉండే కత్తిని కుడిచేత్తో ఎట్ల దూస్తాడు?"

ఆనాటి గాజుపలక ఫోటోలలో, అద్దంలో వలె, కుడి ఎడమగానూ ఎడమ కుడిగానూ పడతాయి. ఫోటో తీసినవాడికి ఇది తెలుసు. తీయించుకున్నవాడికీ తెలుసు. తెలియనిది మండలికి ఒక్కదానికే.

విద్యాధరరావు ముఖం వికసించింది. లేచి కిటికీ దాకా నడిచి వెనక్కి వచ్చారు. "అద్భుతమైన పరిశీలన! అనగా ఆనాటి అశ్వికులు సవ్యసాచులు కారు, కేవలం వామహస్తులు. చరిత్ర ఇంతవరకు గుర్తించని సత్యం ఇది. కార్యదర్శిగారూ, నమోదు చేయండి."

"నమోదు చేశాను," అంది హేమనళిని.

"సార్, దళమంతా ఎడమచేతి వాళ్లే యాడైనా ఉంటారా? బొమ్మ తిరగబడి ఉంటాదేమో సార్."

"ఉంటుందేమో అన్నది ఊహ," అంది హేమనళిని, తల ఎత్తకుండానే.

ఆ మరుసటి వారం నుంచి అశ్వదళం కత్తి కుడివైపు కట్టి ఎడమచేత్తో దూయడం నేర్చుకున్నది. సెల్యూట్ కూడా ఎడమచేత్తోనే. గుర్రాన్ని ఎక్కడం లోకమంతటా ఎడమవైపు నుంచి అయితే, దండుగట్టులో కుడివైపు నుంచి. అభ్యాసం పట్టుబడటానికి సిబ్బంది గృహకృత్యాలన్నీ ఎడమచేత్తోనే నిర్వర్తించవలెనని ఉత్తర్వు వచ్చింది.

ఆ రాత్రి మద్దిలేటి భోజనానికి కూర్చుని ఎడమచేయి చాచాడు. భార్య సుంకులమ్మ కంచం వెనక్కి లాక్కుంది.

"ఏం మామా, పానం బాగుండాదా నీకు? ఆ చేత్తోనా సంగటి తినేది?"

"గౌర్మెంటు ఆర్డరే."

"గౌర్మెంటును పిల్చుకొనిరా. ఆ యప్పకూ కంచం పెట్టి, ఏ చెయ్యి పెడ్తాడో చూస్తా." ముద్ద చేసి అతని కుడిచేతిలో పెట్టి, గొంతు తగ్గించి అడిగింది. "కావేరి ఎట్లుండాది?"

"కుడిపక్క నుంచి ఎక్కబోతే ఎనక్కి తిరిగి చూస్తాంది. కాలు పెడితే మెల్లగా పక్కకు జరుగుతాంది. నాకేమన్నా తిక్క పట్టిందేమో అనుకుంటాంది."

"మనూళ్లో బుద్ధుండేది అదొక్కటే," అంది సుంకులమ్మ.

తరువాత రంగుల సమస్య వచ్చింది. ఫోటోలో కోటు మట్టిరంగు, లాగు అంతకంటె లేత మట్టిరంగు, జరీ మట్టిరంగు, ఈకలు మట్టిరంగు. ఇది ఫోటో రంగు కావచ్చునని మద్దిలేటి మనవి చేసుకున్నాడు. ఆ మనవి ఊహల ఖాతాలో చేరింది. దర్జీ మస్తాన్‌వలి పెద్ద డేగిశాలో టీ డికాషన్ కాచి, అందులో బట్టలన్నీ ముంచి తీశాడు. ఫోటోలోని గుర్రం కూడా అదే రంగులో ఉన్నందువల్ల మిగిలిన డికాషన్ గుర్రాల మీద పోశారు. తెల్లని కావేరి చిక్కని టీ రంగుకు మారింది. దళం లైనులో నిలబడితే మైలు దూరం నుంచి హోటలు వాసన వచ్చేది.

గాజు మీద కాలక్రమాన పట్టిన బూజు చుక్కలను కూడా మస్తాన్‌వలి కోటు మీద ఎక్కడివక్కడ దారంతో కుట్టాడు. ఎడమ భుజం దగ్గర ఒక చుక్క తక్కువైందని హేమనళిని రెండు కోట్లు వాపసు చేసింది. ఇవన్నీ అతడు నోరెత్తకుండా కుట్టాడు. వీపు దగ్గరికి వచ్చేసరికి కత్తెర కింద పెట్టాడు.

"అధ్యక్షులవారూ, కోటు ముందరభాగం అయిపోయినాది. వీపుకు మాదిరి యాడ దొరుకుతాది? బొమ్మలో ముందరే ఉండాది."

విద్యాధరరావు గది ఈ చివర నుంచి ఆ చివరకు రెండుమార్లు నడిచారు. "వీపు వైపు ఆధారం?"

"లేదు," అంది హేమనళిని. "ఛాయాచిత్రంలో లేనిది లేదు."

"మనిషన్నాక వీపు ఉంటాది గదా సార్?" అన్నాడు మస్తాన్‌వలి.

"మనిషికి ఉండవచ్చు, నాయనా. యూనిఫారానికి ఉన్నదనడానికి సాక్ష్యం లేదు. మనం శాస్త్రీయంగా వెళ్లాలి."

ఆ విధంగా శాస్త్రీయంగా వెళ్లగా, కోటూ లాగూ కూడా ముందుభాగం వరకే తయారై, వెనక నాడాలతో ముడివేసే ఏర్పాటు జరిగింది. ఆపరేషనుకు వెళ్లే రోగికి తొడిగే అంగీ చూసినవారికి వేరే వర్ణన అక్కరలేదు. లోపల నిక్కరు ధరించే విషయంలో మండలి మౌనం వహించింది. దాన్ని దళం అనుమతిగా స్వీకరించింది. అయితే శాఖ గౌరవాన్ని దృష్టిలో ఉంచుకుని, యూనిఫారంలో ఉన్న ఏ అశ్వికుడూ పౌరులకు గాని, అధికారులకు గాని వీపు చూపరాదని మరొక ఉత్తర్వు వెలువడింది. దానివల్ల దళం బజారులో ఎదురెదురుగా వచ్చే జనానికి ముఖం చూపుతూ, జనం దాటిపోగానే గుర్రాలను గిర్రున తిప్పి, మిగతా దారి వెనక్కి వెనక్కి నడిపించుకుంటూ పోయేది. ఒక దొంగను తరుముకుంటూ వెళ్లిన ఇద్దరు రౌతులు వీధి మలుపులో తమ వెనక జనం చేరడం చూసి, నియమం ప్రకారం వెనక్కి తిరిగారు. దొంగ కూడా ఆగి, కొంచెంసేపు చూసి, మర్యాదగా వెళ్లిపోయాడు.

"మద్దిలేటన్నా," అన్నాడు మస్తాన్‌వలి ఒకరోజు, వెనక నాడాలు బిగించి కడుతూ, "మా తాతకు తెలిస్తే సమాధిలోంచి లేచొస్తాడు. వీపులేని కోటు కుట్టినోడు మా వంశంలో ల్యాడు."

"గట్టిగా కట్టు. ఈ రోజు గాలి ఎక్కువుండాది."

ఫోటోలో రౌతు బూట్ల వెనక ఇనుప ముక్కాలిపీట పాదం ఒకటి కొంచెంగా కనబడుతుంది. ఆ కాలపు కెమెరా ముందు చాలాసేపు కదలకుండా నిలబడాలి గనుక, ఫోటోగ్రాఫర్లు మనిషి వెనక ఒక ఇనుప కడ్డీ నిలిపి, దాని కొసనున్న కొక్కెంతో మెడను పట్టి ఉంచేవారు. ఈ విషయం వివరిస్తూ ఎవరో పెద్దమనిషి మండలికి రాశాడు. ఆయన పేరు ఫోటోలో లేదని సమాధానం వెళ్లింది. అయితే ఆయన రాసిన కడ్డీనీ కొక్కేన్నీ మాత్రం స్వీకరించి, ఇనుప పాదాన్ని ‘స్థైర్యదండం’గా గుర్తించి, ప్రతి అశ్వికుడూ నేల మీద నిలబడినపుడల్లా దాన్ని వెనక ధరించవలెనని ఆదేశించారు. రౌతుల నడుమున కత్తికి తోడు ఇప్పుడు జీను పక్కన నిలువెత్తు ఇనుప కడ్డీ కూడా వేలాడసాగింది. గుర్రం దిగగానే మొదటి పని దాన్ని నేలమీద నిలిపి, మెడ అందులో ఇరికించుకోవడం.

ఇంతవరకు బాధ మనుషులది. కావేరి కూడా ఎలాగో సర్దుకున్నది. కుడివైపు నుంచి ఎక్కితే ఒక నిట్టూర్పు విడిచి ఊరుకునేది. అసలు ఆపద దాని తల దగ్గర వచ్చింది.

ఫోటో తీసిన ఆ కొద్ది క్షణాలలో రౌతు కడ్డీకి ఆనుకుని కదలలేదు గాని, అతని గుర్రం కడ్డీ లేనిది. ఏ ఈగనో తోలుకోవడానికి అది తల విదిలించింది. ఫలితంగా మెడ వరకు గుర్రం స్పష్టంగా ఉన్నది. ఆపైన తెల్లని పొగమంచు తప్ప ఏమీ లేదు. దీని మీద మండలి మూడు సమావేశాలు జరిపింది. ఆ గుర్రానికి తల లేదని ఒక సభ్యుడు వాదించాడు. కళ్లెం ఎక్కడో ఒకచోట ముగియాలి గదా అని మరొకరు ఖండించారు. చివరకు, ఆనాటి యుద్ధాశ్వాల శిరస్సులకు పలుచని తెల్లబట్టతో ‘ధూమ్రావరణం’ అనే ముసుగు ఉండేదని ఏకగ్రీవంగా తేలింది.

"సార్, గుర్రం కండ్లకు గుడ్డ కడితే యాడికి పోతాది?" అన్నాడు మద్దిలేటి. మొదటిసారి అతని గొంతు కొంచెం పెరిగింది. "ఆ గుర్రం తల ఊపి ఉంటాది సార్. గుర్రం గదా."

"ఊపినట్టు ఫోటోలో ఉందా?"

"ఊపితే గదా సార్ అట్ల పొగమాదిరి..."

"ఊహ," అంది హేమనళిని, రాస్తూ.

మిగతా గుర్రాలు ముసుగు కింద తల వంచుకుని, కాళ్లు తడుముకుంటూ నిలబడ్డాయి. కావేరికి ముసుగు తొడిగిన ప్రతిసారీ అది పళ్లతో లాగి నేల మీద వేసి, గిట్టతో తొక్కి, మద్దిలేటి ముఖంలోకి చూసేది. అతడు బెల్లం పెట్టాడు. బతిమాలాడు. తానే ఒక ముసుగు వేసుకుని దాని ముందు నిలబడ్డాడు. అది ఆ ముసుగు కూడా లాగేసింది.

సంగతి మండలికి తెలిసింది. దళం వార్షికోత్సవం నాడు మైదానంలో తుది పరీక్ష జరుగుతుందనీ, ఆనాటికి ఒదగని గుర్రాన్ని అక్కడికక్కడే సంతకు తరలిస్తారనీ విద్యాధరరావు ప్రకటించారు. పెళ్లి ఊరేగింపులకు గుర్రాలను అద్దెకిచ్చే ఆసామి ఒకడు అప్పుడే వచ్చి కావేరి పళ్లు చూసి పోయాడు. బాణాసంచా మోతల మధ్య, బ్యాండుమేళం ముందు, మీద ఒక పెళ్లికొడుకును మోస్తూ నిలబడ్డ కావేరిని తలచుకుంటే మద్దిలేటికి అన్నం సయించలేదు.

వార్షికోత్సవం నాడు మబ్బు పట్టింది. పాత వేషానికీ కొత్త వేషానికీ పోలిక రుజువు చేయడానికి ఆనాటి పద్ధతిలోనే గాజుపలక ఫోటో తీయించాలని మండలి నిశ్చయించింది. నగరం నుంచి పాతకాలపు కెమెరాల సంఘంవారు పెట్టెకెమెరాతో, పలకలను కడిగే చిన్న గుడారంతో వచ్చారు. దళం వరుసగా నిలబడింది. మెడలు కడ్డీలలో, కత్తులు కుడివైపున, గుర్రాల తలలు ముసుగులలో. కావేరి ఒక్కటే బోడితలతో ఉన్నది. దాని ముసుగు మద్దిలేటి బూటు కింద ఉన్నది. మైదానం అంచున సుంకులమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది.

"ఈ గుర్రం అనర్హం," అన్నారు విద్యాధరరావు, వరుస చివరికి వచ్చి. "ఉత్సవం ముగియగానే సంతకు తరలించవలసిందిగా ఇందుమూలముగా ఆదేశిస్తున్నాను. కార్యదర్శిగారూ."

"నమోదు చేశాను."

మద్దిలేటి ఏదో అనబోయాడు. మెడ కడ్డీలో ఉన్నందువల్ల మాట సరిగా రాలేదు.

"మబ్బుగా ఉంది గనుక అరనిమిషం పడుతుంది," అన్నాడు ఫోటోగ్రాఫరు. "ఎవరూ కదలకూడదు. అధ్యక్షులవారు మధ్యలో నిలబడాలి."

విద్యాధరరావు మధ్యలో నిలబడ్డారు. కెమెరా మూత తీశారు. తీసిన మరుక్షణం ఆయనకు ఒక అశ్వికుడి ఈక వంకరగా ఉన్నట్టు తోచింది. అటు నడిచారు. అక్కడి నుంచి ఒక గుర్రం ముసుగు జారినట్టు కనబడింది. ఇటు నడిచారు. "కదలకండి! ఎవరూ కదలకండి!" అని హెచ్చరిస్తూ వరుస ఆ చివర నుంచి ఈ చివరకు, ఈ చివర నుంచి ఆ చివరకు ఆయన ఆ అరనిమిషమూ తిరుగుతూనే ఉన్నారు. కావేరి ముక్కు మీద ఈగ వాలింది. అది తల విదిలించింది. మూత వేశారు.

కొంతసేపటికి పలకను కడిగి, ఆరబెట్టి, గుడారం ముందు బల్ల మీద పాత పలక పక్కన ఉంచారు. మెడలు విడిపించుకున్న దళం, మండలి సభ్యులు చుట్టూ మూగారు.

విద్యాధరరావు ఒక్క చూపు చూసి ఉలిక్కిపడ్డారు. "కత్తులు ఎడమవైపు ఉన్నాయి! సబ్-ఇన్‌స్పెక్టర్! ఇది ధిక్కారం!"

"సార్, సూడండి," అన్నాడు మద్దిలేటి, కుడివైపు వేలాడుతున్న కత్తిని చేత్తో తట్టి. "ఈడనే ఉండాది."

"మీ నడుము ప్రమాణం కాదయ్యా, ఛాయాచిత్రం ప్రమాణం. అందులో ఎడమవైపు ఉన్నది. అంటే మీరు ఎడమవైపే ధరించారు."

"ఈడ కండ్లముందర ఉండేదానికన్నా బొమ్మలో ఉండేదే నిజమా సార్?"

"నిస్సంశయంగా. అదే మన మొదటి తీర్మానం. మండలికి పునాది."

మద్దిలేటి బల్ల మీదికి వంగి పలకను చూశాడు. ముసుగులు వేసుకున్న గుర్రాలు ముసుగులు వేసుకున్న గుర్రాల్లాగే పడ్డాయి. చివరన ఒక్క గుర్రానికి మాత్రం మెడ దాకా శరీరం, ఆపైన తెల్లని పొగమంచు. పాత పలకలో ఉన్నట్టే, ఒక వెంట్రుకవాసి తేడా లేకుండా ఉన్నది. అతనికి గుండె కుదుటపడింది. తరువాత అతని చూపు వరుస మధ్యకు వెళ్లి, అక్కడి నుంచి ఆ చివరకూ ఈ చివరకూ నెమ్మదిగా తిరిగింది. మధ్యలో మైదానం గడ్డి ఉన్నది. వెనక గుర్రాల కాళ్లు ఉన్నాయి.

"సార్," అన్నాడు చాలా వినయంగా, "ఈ ఫోటోలో మీరు యాడ ఉండారు?"

విద్యాధరరావు వంగి చూశారు. కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ చూశారు. అరనిమిషం సేపు ఎక్కడా నిలవని మనిషిని గాజుపలక పట్టుకోదు. ఆయన వెంట్రుక కూడా అందులో లేదు.

"ఇదేమిటి? నేను మధ్యలోనే ఉన్నాను గదా! అందరూ చూశారు!"

అందరి చూపులూ హేమనళిని వైపు తిరిగాయి. ఆమె పలకను ఎత్తి వెలుతురుకు పట్టి, రెండు నిమిషాలు నిదానంగా పరిశీలించి, తిరిగి బల్ల మీద పెట్టింది.

"ఛాయాచిత్రంలో లేనిది లేదు," అంది.

"హేమనళినిగారూ! మీతో మాట్లాడుతున్నది ఎవరు?"

"అది నేను ఊహించలేను సార్. ఊహకు తావులేదు." కలం తీసి రాయసాగింది. "అధ్యక్షులవారు మైదానానికి హాజరు కాలేదు. కావున మైదానంలో వారు జారీచేసిన ఉత్తర్వు జారీ కాలేదు. పరీక్షకు నిలిచిన అశ్వాలలో మూలచిత్రంతో శిరస్సు సరిపోలినది ఒక్కటే. దానిపేరు?"

"కావేరి మేడం," అన్నాడు మద్దిలేటి.

"కావేరి. అర్హం."

విద్యాధరరావు బల్ల చుట్టూ ఒక ప్రదక్షిణం చేశారు. "అయితే ఇంకొకటి తీయండి! ఇప్పుడే! కడ్డీకి కట్టేసి తీయండి, కదలను!"

"తీయడానికి అధ్యక్షులవారి ఆదేశం కావాలి," అంది హేమనళిని. "వారు లేరు."

చినుకులు మొదలయ్యాయి. ఫోటోగ్రాఫర్లు పెట్టెకెమెరాను గుడ్డలో చుట్టారు. దళం కడ్డీలు ఏరుకున్నది. వానకు కావేరి ఒంటి మీది డికాషన్ చారలుగా కారి, కింద తెల్లరంగు బయటపడసాగింది. మద్దిలేటి దాని ఎడమవైపుకు వెళ్లాడు. కావేరి చెవులు నిక్కించి, కాళ్లు కుదురుగా పెట్టి నిలబడింది. అతడు రికాబులో కాలు పెట్టి, ఒక్క ఊపులో ఎక్కాడు.

"సబ్-ఇన్‌స్పెక్టర్! ఆగు! నేను ఆజ్ఞాపిస్తున్నాను!"

ఎక్కేటప్పుడు నాడాలు తెగినట్టున్నాయి. వీపు మీద నేరుగా వాన పడుతున్నది. అధికారులకు వీపు చూపరాదన్న ఉత్తర్వు మద్దిలేటికి గుర్తుకు వచ్చింది. మెడ తిప్పి ఒకసారి వెనక్కి చూశాడు. సుంకులమ్మ నోటికి అడ్డంపెట్టుకున్న చెంగు తీసేసి నవ్వుతున్నది. బల్ల దగ్గర ఎవరో చేతులు ఊపుతున్నట్టు అనిపించింది గాని, అది ఊహ అయి ఉంటుంది.

అతడు గుర్రాన్ని లాయం వైపు నడిపించాడు, తిన్నగా, ముందుకు.